గుడ్డలంగడి గోడ మీద జీన్ హార్లో

గుడ్డలంగడి పెట్టినోళ్ళెవరూ షోకేసు అద్దం మూసేసి దాని మీద ఆడమనిషి మొహం రాయమని నన్ను ఇంతవరకూ అడగలేదు. అనంతపురంలో పాతూరు గాంధీ బజారు నుంచి సుభాష్ రోడ్డు దాకా నేను రాసిన బోర్డుల్లో ఎక్కువ గుడ్డలంగళ్ళవే. ఏ సేటు చెప్పినా మాట ఒకటే: పేరు రోడ్డుకు ఆ పక్క బస్సులో కూర్చున్నోడికి కనబడాల, అద్దం మాత్రం అంగుళం కూడా పోగూడదు. అద్దం వెనక బొమ్మకు కట్టిన చీరే వాళ్ళకు అసలు బోర్డు. మేం రాసేది దానికి తలపాగా మాత్రమే.

అట్లాంటిది 1967లో లండన్‌లో ఒక అంగడి వాళ్ళు కిటికీ, గోడ అనే తేడా లేకుండా ముందు భాగమంతా హాలీవుడ్ నటి జీన్ హార్లో మొహం వేసి పెట్టినారు. లోపల ఏం అమ్ముతారో బయటికి కనబడదు. అంగడి పేరు ‘గ్రానీ టేక్స్ ఎ ట్రిప్’. కింగ్స్ రోడ్డు, 488 నంబరు.

మా తమ్ముడి కూతురు ఫ్యాషన్ డిజైన్ చదువుతోంది. సెమినార్ కోసం ఈ ఫోటోలన్నీ పోగేసి నాకు పంపింది. "పెదనాయనా, నువ్వు బోర్డులు రాసినోనివి, ఇప్పుడు చీరల డిజైన్లు గీస్తాండావు. ఈ గోడల మీది బొమ్మ గుడ్డ మీదికి ఎట్లా పోయిందో నువ్వు చెప్పు" అని అడిగింది. ఫ్లెక్స్ మిషన్లు వచ్చి మా పని తిప్పేసినాక నేను ధర్మవరం మగ్గాలకు గ్రాఫులు గీసేదానికి మళ్ళినా. గోడా తెలుసు, గుడ్డా తెలుసు అని ఆ పిల్ల నమ్మకం. ఆమెకు ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పింది ఇక్కడ కొంచెం కుదురుగా రాస్తాండా.

ముందు ఆ అంగడి సంగతి. 1966 ఫిబ్రవరిలో తెరిచినారు. కింగ్స్ రోడ్డులో బాగా నడిచే చోటు కాదు, చెల్సీ చివర వరల్డ్స్ ఎండ్ అనే పేట. నడిపినోళ్ళు ముగ్గురు. షీలా కోహెన్ కాడ విక్టోరియా రాణి నాటి నుంచి 1920ల దాకా పాత గుడ్డలు పోగుపడి ఉండినాయి. నైజెల్ వేమౌత్ బొమ్మలేసే మనిషి. జాన్ పియర్స్ సావిల్ రోలో పని నేర్చుకున్న దర్జీ. సావిల్ రో అంటే దొరలకూ మంత్రులకూ కోట్లు కుట్టే వీధి, అక్కడ కత్తెర పట్టినోడు ఎక్కడికి పోయినా చెయ్యి తప్పు చెయ్యదు. పేరులో ‘ట్రిప్’ ఎల్.ఎస్.డి. మత్తుదని అందరికీ తెలుసు. ఆ మందును బ్రిటన్‌లో 1966లోనే నిషేధించినారు, అంగడి పేరు మాత్రం అట్లే ఉండిపోయింది.

వీళ్ళు ముందు భాగం మార్చే తీరు చూస్తే నాకు ఆశ పుట్టింది. మొదట లో డాగ్, కికింగ్ బేర్ అనే అమెరికా ఆదివాసీ నాయకుల పెద్ద పెద్ద బొమ్మలు. తర్వాత హార్లో. ఆ తర్వాత 1940ల నాటి డాడ్జ్ కారును కోసి, ముందు సగాన్ని కిటికీలోంచి ఫుట్‌పాత్ మీదికి దూసుకొచ్చినట్టు బిగించినారు. మా ఊర్లో బోర్డు ఒకసారి రాస్తే ఎనామిల్ పెచ్చులూడేదాకా అదే. మధ్యలో సేటు కొడుకు పెండ్లయితే ‘అండ్ సన్స్’ అని కలపమంటారు, అంతే మార్పు.

హార్లో మొహాన్ని ఫోన్లో పెద్దది చేసి చూసినా. అందరూ చూసేది కండ్లూ పెదాలూ. నేను చూసింది నీడలు ఎట్లా వేసినారా అని. మేం సినిమా కటౌట్లు వేసేటప్పుడు ఫోటో మీద అంగుళానికొక గడి, అట్ట మీద అడుగుకొక గడి సుద్దదారంతో కొట్టి, ఒక్కో గడిలోది ఒక్కో గడిలోకి ఎత్తుకుంటాం. ఆ తర్వాత అసలు పని బుగ్గల మీద. గులాబీ రంగు తడి ఆరకముందే పక్కన చామనఛాయ పెట్టి, రెండింటి నడుమ పొడి బ్రష్షుతో మెల్లగా కొట్టుకుంటూ పోతే ఎక్కడ వెలుగు ఆగిందో ఎక్కడ నీడ మొదలైందో తెలీకుండా కలిసిపోతుంది. హీరో బుగ్గ బాగా వచ్చిందా లేదా అనేదాని మీదనే మా కూలి. హార్లో మొహం అట్లా లేదు. పాప్ ఆర్ట్ పద్ధతి. రంగులు చదునుగా, కత్తెరతో కోసి అంటించినట్టు, ఒకదాని పక్కన ఒకటి.

ఆ పిల్ల ప్రశ్నకు నాకు దొరికిన మొదటి జవాబు ఇదే. చదును రంగైతేనే గోడ దిగి గుడ్డ ఎక్కుతుంది. సిల్క్ స్క్రీన్ అచ్చుకు ఒక్కో రంగుకు ఒక్కో స్క్రీన్ కావాల. మగ్గానికి వస్తే ఇంకా కచ్చితం: గ్రాఫులో గడి అయితే నిండాల, లేకపోతే ఖాళీగా ఉండాల, సగం అనేది లేదు. మా కటౌట్ హీరో బుగ్గను చీర మీదికి ఎత్తమంటే, గ్రాఫు చూసి మగ్గానికి చిల్లుల అట్టలు కొట్టేవాడు ఎవడూ ఒప్పుకోడు. చదును రంగుల బొమ్మ అయితే అదే వారంలో గోడకూ, పోస్టరుకూ, షర్టుకూ సరిపోతుంది. 1960ల లండన్‌లో జరిగింది సరిగ్గా అదే. ఎల్.ఎస్.డి. మత్తులో రంగులు చూసినారు కాబట్టి ఇట్లా వేసినారని రాసేవాళ్ళు చానామంది. మత్తు సంగతి నాకు తెలీదు గానీ స్క్రీన్ ప్రింటింగ్ సంగతి తెలుసు. మత్తు ఎంతున్నా స్క్రీన్ లేకపోతే ఆ రంగులు గోడ దిగేవి కావు.

రెండో జవాబు రంగుల అదురు.

మా గురువు నాకు మొదట్లోనే నేర్పిన నియమం: ఎరుపు గ్రౌండు మీద నీలం అక్షరం రాయగూడదు, ఆకుపచ్చ మీద ఎరుపు రాయగూడదు. రాస్తే అక్షరం అదురుతుంది. రేకు మీద సిగ్నల్ రెడ్ ఒక కోటింగు కొట్టి ఆరనిచ్చి, దాని మీద నీలంతో ‘వస్త్రాలయం’ అని రాసి పది అడుగులు వెనక్కి జరిగి చూడండి. ఎరుపు ముందుకొచ్చినట్టు, నీలం లోపలికి గుంజినట్టు ఉంటుంది. అంచు యాడుందో కన్ను పట్టుకోలేదు. రెండు రంగుల వెలుగూ సమానమై, రంగులు మాత్రం ఎదురెదురైతే ఇట్లా అవుతుంది. సేటు ఆ రంగులే కావాలని పట్టుబడితే దానికి మందు ఉంది. అక్షరం చుట్టూ అరంగుళం తెల్ల గీత లాగితే చాలు, అదురు ఠక్కున ఆగిపోతుంది. మా పనిలో సగం ఆ తెల్ల గీత లాగడమే. చెయ్యి వణక్కుండా గుండ్రని ‘వ’ చుట్టూ ఒకే ఊపున గీత తిప్పగలిగినోడే ఆర్టిస్టు.

సైకడెలిక్ వాళ్ళు, అంటే మత్తులో కనబడే మాదిరి రంగులతో బొమ్మలేసినోళ్ళు, చేసిందల్లా ఆ తెల్ల గీత తీసెయ్యడం. శాన్‌ఫ్రాన్సిస్కోలో 1966, 67 ప్రాంతంలో పాటకచేరీల పోస్టర్లు వేసిన విక్టర్ మొస్కోసో ఏమీ తెలీనోడు కాదు. యేల్ యూనివర్సిటీలో జోసెఫ్ ఆల్బర్స్ అనే రంగుల పండితుడి కాడ చదువుకున్నాడు. బళ్ళో చెయ్యగూడదు అని చెప్పినవన్నీ ఏరి ఏరి పోస్టర్ల మీద చేసినాడు. నియమం తెలిసినోడు తప్పితేనే దానికి అందం. వెస్ విల్సన్ అనే ఇంకొకాయన వియన్నాలో ఆల్ఫ్రెడ్ రోలర్ 1900 ప్రాంతంలో రాసిన అక్షరాలను పట్టుకొని, వాటిని మంటల మాదిరి సాగదీసి, ఖాళీ ఎక్కడుంటే అక్కడికి పోసేసినాడు. చదవాలంటే నిలబడి రెండు నిమిషాలు చూడాల. మా సేటయితే డబ్బులిచ్చేవాడు కాదు.

లండన్‌లో ఇదే పని వేమౌత్ చేసినాడు. మైకేల్ ఇంగ్లిష్ అనే చిత్రకారుడితో కలిసి ‘హాప్‌షాష్ అండ్ ది కలర్డ్ కోట్’ అనే పేరు పెట్టుకొని 1967లో యు.ఎఫ్.ఓ. అనే లండన్ పాటల క్లబ్బుకు పోస్టర్లు వేసినాడు. సిల్క్ స్క్రీన్ మీద బంగారు, వెండి సిరాలు వాడినారు. ఆ ఫోటోలు చూస్తుంటే నాకు జరీ గుర్తొచ్చింది, అదే మెరుపు, కాగితం కొంచెం వంచితే రంగు మారిపోతుంది. ఇక్కడ చూడాల్సింది ఇంకొకటి ఉంది. అంగడి గోడ వేసిన చెయ్యే పోస్టరు వేసింది, అంగట్లో ఏ గుడ్డ పెట్టాలో చూసింది కూడా ఆ కన్నే. మా కాడ బోర్డు రాసేవాడు వేరు, గుడ్డ నేసేవాడు వేరు, అమ్మేవాడు వేరు. ఈ ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకోరు.

ఇక గుడ్డ. ఆ అంగట్లో బాగా పేరు తెచ్చుకున్నవి మగవాళ్ళ కోట్లు. పియర్స్ వాటిని కోటు గుడ్డతో కుట్టలేదు. విలియం మోరిస్ అనే పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండు డిజైనర్ పెట్టిన కంపెనీ పూల డిజైన్ల కర్టెన్ గుడ్డతో, కుర్చీలకు తొడిగే గుడ్డతో కుట్టినాడు. బీటిల్స్ అనే పాటల గుంపులోని జార్జ్ హారిసన్ కూడా అట్లాంటి కోటు వేసుకున్నాడు. కిటికీకి వేలాడాల్సిన పువ్వు మనిషి రొమ్ము మీదికి వచ్చింది. కర్టెన్ పువ్వు అంటే అరచేతి కంటే పెద్దది, తీగ ఒక పక్క నుంచి ఇంకొక పక్కకు పాకుతూ పోతుంది. అట్లాంటి గుడ్డ కోసేటప్పుడు జేబు మూత కాడ తీగ తెగిపోతే అసహ్యంగా ఉంటుంది. జేబు మూతను వేరే ముక్కలోంచి, కింది పువ్వుకు సరిగ్గా అతుక్కునేట్టు చూసి కోయాల. గుడ్డ ఎక్కువ దండగవుతుంది. సావిల్ రో చెయ్యి పనికొచ్చేది అక్కడే.

మోరిస్ పూలే ఎందుకు అంటే ఆ రోజుల్లో లండన్ అంతా పాతకాలం వంకర గీతల మోజులో ఉంది. విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఆ గీతలకు పేరుపడ్డ పాత చిత్రకారులవి, 1963లో అల్ఫోన్స్ మ్యుకా బొమ్మల ప్రదర్శన, 1966లో ఆబ్రీ బియర్డ్‌స్లీ ప్రదర్శన పెట్టినారు. కుర్ర చిత్రకారులు గుంపులు గుంపులుగా పోయి చూసినారు. లండన్ పోస్టర్లలోని పొడుగాటి జుట్టు తీగలు, నెమలి ఈకలు అక్కడ్నుంచి ఎత్తుకున్నవే. అమెరికా పోస్టర్ల వాళ్ళు వియన్నా నుంచి ఎత్తుకున్నట్టే.

ఈ మోరిస్ మాట వచ్చినప్పుడు మా పిల్లకు ఒక విషయం చెప్పినా, అది ఆమె పుస్తకంలో లేదు. ఇంగ్లండు వాళ్ళకు పూల అద్దకం గుడ్డ మోజు పట్టించిందే మన తీరం. మచిలీపట్నం చుట్టుపక్కల నుంచి పోయిన కలంకారీ గుడ్డలు అక్కడ ఎంత అమ్ముడుపోయినాయంటే, తమ ఉన్ని, పట్టు నేతగాళ్ళ గోల పడలేక 1700లో దిగుమతి మీద చట్టం చేసినారు, 1721లో కట్టుకోవడం మీదనే ఇంకొకటి చేసినారు. నూట అరవై ఏండ్ల తర్వాత మోరిస్ కూర్చొని నీలిమందు తొట్టిలో గుడ్డ ముంచి, పువ్వు పడాల్సిన చోట రంగు తీసేసే పద్ధతి పట్టుదలగా సాధించినాడు. 1883లో వచ్చిన ఆయన ‘స్ట్రాబెరీ థీఫ్’ డిజైన్ ఆ పద్ధతిలోదే. మన కడప జిల్లా నీలిమందుకు లండన్ వేలంపాటల్లో విడిగా పేరున్న కాలం అది. జర్మనీ వాళ్ళ కృత్రిమ నీలి 1897లో బజారుకొచ్చింది, ఆ తర్వాత మన చేలల్లో నీలి పోయింది. మళ్ళీ గ్రానీ అంగడి కోటు చూస్తే, అందులో తీగ పాకే తీరు నాకేమీ పరాయిది కాదనిపించింది. ఇది గొప్ప చెప్పుకునేదానికి కాదు. డిజైన్లు ఎక్కడ పుట్టి ఎక్కడ తేలతాయో చూస్తే నవ్వొస్తుంది, అంతే.

గ్రానీ ఒక్కటే కాదు. కింగ్స్ రోడ్డులోనే 161 నంబరు డాండీ ఫ్యాషన్స్, కార్నబీ స్ట్రీట్‌లో లార్డ్ జాన్, ఈ రెండిటి ముందు భాగాలూ 1967లో బైండర్, ఎడ్వర్డ్స్ అండ్ వాన్ అనే ముగ్గురు కుర్రాళ్ళు వేసినవి. లార్డ్ జాన్ మేడ మేడంతా రంగులే. వాళ్ళు కార్లు వేసినారు, సామాన్లు వేసినారు, పాల్ మెకార్ట్‌నీ పియానో వేసినారు. అడ్డం వచ్చిన ప్రతిదాన్నీ గోడే అనుకున్నారు.

అన్నిటికంటే పెద్దది బేకర్ స్ట్రీట్ 94 నంబరు, బీటిల్స్ వాళ్ళ ఆపిల్ బొటీక్. 1967 డిసెంబరు 7న తెరిచినారు. మేడంతా నిలువెత్తు మాయల మనిషి, చుట్టూ నక్షత్రాలు, ఇంద్రధనుస్సు రంగులు. గీసింది ‘ది ఫూల్’ అనే గుంపు. సైమన్ పోస్తుమా, మరైకె కోగర్ అనే డచ్చి వాళ్ళు అందులో ముఖ్యులు. లోపల అమ్మిన గుడ్డలు కూడా వాళ్ళు డిజైన్ చేసినవే, అంతకుముందు 1967 జూన్‌లో ప్రపంచమంతా టీవీలో చూసిన కార్యక్రమంలో బీటిల్స్ వేసుకున్న గుడ్డలూ వాళ్ళవే. గోడను చాలామంది ఆర్టు విద్యార్థులను పెట్టి వేయించినారు. నేను సారవ కట్టెల మీద పని చేసినోణ్ణి కాబట్టి చెప్తాండా, అంత మేడ మీద నలుగురు నాలుగు చోట్ల నిలబడి వేస్తే ఒకరి గీత ఇంకొకరి గీతకు కలవడమే పెద్ద పని. కింద నిలబడి అరిచి చెప్పే ఒక మనిషి ఉండాల. ఆ మనిషి గొంతు సాయంత్రానికి పోతుంది.

ఆ గోడ బతికింది కొన్ని నెలలే. పక్క అంగళ్ళ వాళ్ళు ఫిర్యాదు చేసినారు, అక్కడి మున్సిపాలిటీ, వెస్ట్‌మిన్‌స్టర్ కౌన్సిల్, అనుమతి లేదనింది. మేడంతా తెల్ల రంగు కొట్టి, పేరు మాత్రం చిన్నగా రాసుకున్నారు. 1968 జూలై చివర మిగిలిన సరుకును వచ్చినోళ్ళకు వచ్చినట్టు ఉచితంగా పంచేసి అంగడి మూసినారు. తెల్ల రంగు కొట్టినందుకే మూతపడిందని ఎవరన్నా రాస్తే నమ్మొద్దు. లెక్కాపత్రం లేని వ్యాపారం, దొంగతనాలు, నష్టం అంతకుముందు నుంచే ఉన్నాయి.

ఇంతవరకూ వీధి అంగళ్ళ కథ. మా పిల్ల సెమినార్ పేరు మాత్రం ‘హై ఫ్యాషన్ మీద ప్రభావం’. అంటే పెద్దింటి గుడ్డలు, ప్యారిస్, మిలాన్, ఒక్కొక్కరి కొలతకు కుట్టిచ్చే ఖరీదైన కుతూర్. ఇక్కడ మా ఇద్దరికీ వాదన పడింది.

ఆమె ఇటలీ డిజైనర్ పుచ్చీని తెచ్చింది. ఎమిలియో పుచ్చీ గౌన్ల మీద ఆ సుడులు, ఆ గులాబీ, ఆ ఊదా చూడు పెదనాయనా, ఇదంతా లండన్ గోడల నుంచి వచ్చిందే కదా అనింది. కాదు. పుచ్చీ ఫ్లోరెన్సులో 1950ల నుంచే అద్దకాలు వేస్తాండాడు. 1957లో సియెన్నా ఊరి పాలియో గుర్రప్పందాల జెండాల రంగులతో ఒక కలెక్షన్ చేసినాడు. బ్రానిఫ్ అనే అమెరికా విమానాల కంపెనీ ఎయిర్‌హోస్టెస్‌లకు యూనిఫాం వేసింది 1965లో. గ్రానీ అంగడి తలుపులు అప్పటికి తెరవనే లేదు. కుర్రకారు వీధిలో రంగులు పూసేసరికి ఆయన రంగులకు ఇంకా గిరాకీ పెరిగింది అంటే ఒప్పుకుంటా. పుట్టించింది మాత్రం గోడ కాదు.

సరే, ప్యారిస్ డిజైనర్ సెయింట్ లారాన్ సంగతేంది అనింది. ఆయన 1966 శీతాకాలం కలెక్షన్‌లో గౌను మీద మొహాలు, పెదాలు, ఆడమనిషి ఒంటి గీత పాప్ ఆర్ట్ పద్ధతిలో వేసినాడు. హార్లో మొహం గోడ ఎక్కింది 1967లో. ముందు ఏది వచ్చిందో నువ్వే చూసుకో అన్నా. కొంచెంసేపు ఫోన్లో చప్పుడు లేదు. ఇద్దరూ పాప్ ఆర్ట్ అనే ఒకే బావిలో నీళ్ళు చేదుకున్నారు, ఒకరి బిందె నుంచి ఇంకొకరు పోసుకోలేదు.

కానీ ఆమె వదల్లేదు, ఆ మాట మెచ్చుకోవాల. "డిజైన్ కాదు పెదనాయనా, అంగడి చూడు" అనింది. సెయింట్ లారాన్ 1966 సెప్టెంబరులో ప్యారిస్‌లో ర్యూ ద టూర్నోన్‌లో ‘రీవ్ గోష్’ అని రెడీమేడ్ అంగడి తెరిచినాడు. కొలతలు తీసుకొని ఒక్కొక్కరికి కుట్టిచ్చే ఇంటి మనిషి, వీధిలోకి వచ్చి హ్యాంగర్లకు తగిలించి అమ్మినాడు. అంతకుముందు లెక్క ఏందంటే ప్యారిస్ గీస్తుంది, మిగతా లోకం దాన్ని చూసి కుట్టుకుంటుంది. 1960ల నడుమకు వచ్చేసరికి కుర్రపిల్లలు ప్యారిస్ వైపు చూడ్డం మానేసి పక్క వీధి బొటీక్ వైపు చూసినారు. ఆ బొటీక్‌ను వాళ్ళకు గుర్తుపట్టించింది ఏమి? దాని మొహం. లోపల గుడ్డ కనబడకపోయినా జనం లోపలికి పోయినారంటే గోడే గుడ్డ పని చేసింది. ఆ సంగతి నాకు తట్టలేదు, ఆ పిల్లకు తట్టింది.

నా వంతు నేను జాండ్రా రోడ్స్ అనే ఇంగ్లండు డిజైనర్‌ను పట్టుకున్నా. రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్‌లో గుడ్డల అద్దకం చదివి 1964లో బయటికొచ్చింది. ఆమె అమ్మ ఒకప్పుడు ప్యారిస్‌లో వర్త్ అనే పేరున్న ఫ్యాషన్ కంపెనీలో పని చేసిన మనిషి. ఈమె డిజైన్లు చూసి మిల్లుల వాళ్ళు భయపడినారు, ఇంత పెద్ద బొమ్మలు, ఇంత రంగు ఎవరు కట్టుకుంటారని. ఎవరూ కొనకపోతే నేనే కుట్టుకుంటా అని మొదలుపెట్టి 1969లో సొంత కలెక్షన్ తెచ్చింది. అందులో పసుపు ఫెల్ట్ గుడ్డ కోటు ఒకటి ఉంది. పరిచి చూస్తే గుండ్రంగా చక్రం మాదిరి, అల్లిక కుట్లను పెద్దవి చేసి వేసిన అద్దకం చుట్టూ తిరుగుతూ పోతుంది. ముందు కోటు కోసి దానికి అద్దకం వెయ్యలేదు. అద్దకం ఎట్లా తిరిగితే కత్తెర అట్లా తిరిగింది. అమెరికా వోగ్ ఫ్యాషన్ పత్రికలో ఆ గుడ్డలు అచ్చయినాక పెద్ద పెద్ద అంగళ్ళు ఆమెను వెతుక్కుంటూ వచ్చినాయి.

నాకు గోడకూ గుడ్డకూ నడుమ నిజమైన చుట్టరికం కనబడింది అక్కడే. జీన్ హార్లో మొహానికి కిటికీ అడ్డం రాలేదు, బొమ్మే కిటికీని మింగేసింది. బేకర్ స్ట్రీట్ మాయల మనిషి అంతస్తు అంతస్తుకూ ఆగలేదు. జాండ్రా కోటులో బొమ్మ కుట్టు కాడ ఆగలేదు, కుట్టే బొమ్మ కోసం జరిగింది. లండన్ గోడలను చూసి ఆమె ఆ కోటు గీసిందని నేను అనను. ఆ ఊర్లో ఆ నాలుగైదేండ్లలో బొమ్మకు హద్దు పెట్టే అలవాటు పోయింది, గోడ మీదా పోయింది, గుడ్డ మీదా పోయింది. గోడ మీద పోవడం ముందు కనబడింది, ఎందుకంటే రోడ్డు మీద ఉండేది అదే.

మాకు గోడ నుంచి గుడ్డ మీదికి ఎత్తుకోవడం కొత్తేమీ కాదు. లేపాక్షి లతా మండపం స్తంభాల మీద చెక్కిన తీగలు, గళ్ళు, హంసలు చీర అంచులకు ఎప్పట్నుంచో దిగినాయి. నేనూ పోయి స్తంభం కాడ కూర్చొని గీసుకొచ్చినా. నాట్య మండపం పైకప్పు బొమ్మల్లో ఆడవాళ్ళ చీరలు చూడండి, ఒక్కో చీరకు ఒక్కో గళ్ళు, చారలు, పూలు, అచ్చం ఒక గుడ్డలంగడి శాంపిల్ పుస్తకం మాదిరి. కానీ మేం ఎత్తుకున్నది బుద్ధిగా అంచులో కూర్చుంటుంది, బుట్టాలో కూర్చుంటుంది. చీర ఒడలు ఖాళీగా ఉండాల, అది మా లెక్క. ఆ ఖాళీలోనే పట్టు మెరుస్తుంది.

మా పిల్ల దాన్నీ అడిగింది. అంచు లేకుండా, బుట్టాలు లేకుండా, ఐదున్నర మీటర్ల చీరంతా ఒకటే బొమ్మ, ఎక్కడా మళ్ళీ మొదలుకాకుండా నేయించగలమా అని. ధర్మవరంలో నేను గ్రాఫులిచ్చే ఆయనను అడిగినా. ఆయన నవ్వి, "ఒక్కో పేక పోగుకు ఒక్కో అట్ట గదన్నా. తిరిగి రాని బొమ్మంటే అట్టలు పేర్చేదానికే ఇంకొక ఇల్లు బాడుగకు తీసుకోవాల. మీ పిల్లకు చెప్పు, డిజిటల్ ప్రింటు కొట్టించుకోమని" అన్నాడు. ఆమె అట్లే చేసింది. క్రేప్ గుడ్డ మీద. ఎరుపూ నీలమూ పక్కపక్కనే, తెల్ల గీత లేకుండా. కట్టుకొని ఫోటో పంపితే కండ్లు లాగినాయి గానీ, కుచ్చిళ్ళ కాడ బొమ్మ మడతల్లోకి పోయి మళ్ళీ బయటికి రావడం నాకు బాగా నచ్చింది. గోడకు కుచ్చిళ్ళు ఉండవు.

గ్రానీ అంగడి కోట్లు ఇప్పుడు మ్యూజియంలో ఉన్నాయి. గోడలు ఏవీ లేవు, ఫోటోలే. బోర్డు పని అంతే, గుడ్డ పెట్టెలో దాచుకుంటారు, బోర్డు మీద ఇంకొకడు రంగు కొడతాడు.

చివర్లో ఆ పిల్ల, "సరే పెదనాయనా, ఇప్పుడు ఎవరన్నా వచ్చి అంగడి ముందు హార్లో మొహం వేయమంటే ఎంత తీసుకుంటావు?" అనింది. ఎనామిల్ వాళ్ళది, సారవ వాళ్ళది. చదును రంగు కాబట్టి ఇద్దరు పిల్లలను పెట్టుకుంటే మూడు రోజుల పని, బుగ్గలు కలిపే బాధ లేదు. ఫ్లోరసెంట్ రంగులు అడిగితే మాత్రం వద్దంటా, మన ఎండకు ఒక వేసవికే తెల్లబడిపోతాయి. సగం డబ్బులు ముందు. మున్సిపాలిటీ నోటీసు వస్తే తెల్ల రంగు కొట్టేదానికి కూలి వేరే.